సముద్రానికి సమయం చెప్పిన అంకితం వెంకట నరసింగరావు గారు

మన సంచికలో ప్రతి ఏడాదీ అంబేద్కర్ గారి జీవితం, ఫూలే దంపతుల జీవితం, గురజాడ, గిడుగు వారి జీవితాలు వస్తుంటాయి. అవి రావలసినవే. ఈసారి వారితోపాటు మరొక పెద్దాయనను పరిచయం చేయాలని మేము అనుకున్నాం. విశాఖపట్నంలో చదువుకునే మన జిల్లాల పిల్లలు ఆయన పేరును రోజూ పలుకుతూనే ఉంటారు. కానీ అది ఒక మనిషి పేరన్న సంగతి చాలామందికి తెలియదు. ఏ.వి.ఎన్. కాలేజీలోని ఆ మూడు అక్షరాలు అంకితం వెంకట నరసింగరావు గారివి.

మనలో చాలామంది ఇప్పుడు కంప్యూటరు కోర్సులు చదువుతున్నారు. డేటాబేస్ పాఠంలో, ప్రస్తుత విశ్వ సమయం ఎంత అని కంప్యూటరును అడిగే ప్రశ్న ఒకటి వస్తుంది. ఒక్క వరుసలో రాసే ఆ ప్రశ్నకు జవాబు రెప్పపాటులో వస్తుంది. దాదాపు నూట యాభై ఏళ్ల క్రితం మన తీరంలో ఇదే ప్రశ్నకు జవాబు కావాలంటే ఒక మనిషి రాత్రి మేలుకొని నక్షత్రాలను చూడవలసి వచ్చేది. ఆ పనిని తన జీవితకార్యంగా పెట్టుకున్నవారు నరసింగరావు గారు.

మామగారి వేధశాల

నరసింగరావు గారు 1827లో జన్మించారు. ఆనాటి విశాఖపట్నం జిల్లా చాలా పెద్దది. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం అన్నీ అందులోనివే. శ్రీకాకుళం మాత్రం గంజాం జిల్లాలో ఉండేది. మన శ్రీకాకుళం 1950లోనూ, విజయనగరం 1979లోనూ జిల్లాలయ్యాయి. కాబట్టి ఆయనను పొరుగు జిల్లా మనిషిగా కాక మనవారిగానే లెక్కించుకోవాలి.

ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు. జమీందారీ కుటుంబంలో పుట్టినా ఆయన మనసు ఆకాశం మీద ఉండేది. అందుకోసం మద్రాసు వెళ్లి, అక్కడి ప్రభుత్వ వేధశాల అధికారి టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగివచ్చి 1840లో విశాఖపట్నంలోని తమ నివాసస్థలంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆ చోటునే మనం ఇప్పుడు డాబాగార్డెన్స్ అంటున్నాం. ఒక తెలుగువాడు తన ఇంటి ఆవరణలో ఆధునిక పరికరాలతో వేధశాల నెలకొల్పడం ఆ రోజుల్లో సామాన్యమైన విషయం కాదు.

జగ్గారావు గారు 1856లో, నలభై ఏళ్లయినా నిండకుండా కన్నుమూశారు. అప్పటికి అల్లుడు నరసింగరావు గారు ప్రభుత్వ కొలువులో డెప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు. ఒక భారతీయుడికి ఆ కాలంలో అంతకంటే పెద్ద పదవి దొరకడం కష్టం. అటువంటి ఉద్యోగాన్ని విడిచి, మామగారి వ్యవహారాలతోపాటు వేధశాల బాధ్యతను కూడా ఆయన భుజాన వేసుకున్నారు. దుర్భిణులకు దుప్పటి కప్పి గదికి తాళం వేసి ఉంటే అడిగేవారు ఎవరూ లేరు. ఆయన తాళం వేయలేదు. మామగారు మొదలుపెట్టిన పనిని చనిపోయే వరకు సుమారు ముప్ఫై ఆరేళ్లు నడిపించారు.

సమయం ఎక్కడినుంచి వస్తుంది?

ఆ రోజుల్లో మన పల్లెల్లో గడియారం ఎవరింట్లో ఉండేది? కోడి కూత, వేగుచుక్క, నడినెత్తికెక్కిన పొద్దు, వాలిన పొద్దు, ఇవే మనవాళ్ల గడియారాలు. పంచాంగం తెలిసినవారు గడియల్లో చెప్పేవారు. రోజుకు అరవై గడియలు, గడియకు ఇరవై నాలుగు నిమిషాలు. పొలం పనికి, పెళ్లి ముహూర్తానికి ఆ లెక్క సరిపోయింది. సముద్రం మీద పోయేవారికి మాత్రం అది చాలదు.

భూమి ఇరవై నాలుగు గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. ఓడ కెప్టెన్ తన వద్ద ఇంగ్లండులోని గ్రీనిచ్ సమయం చూపించే క్రోనోమీటర్ అనే గడియారం ఉంచుకునేవాడు. నడిసముద్రంలో సూర్యుణ్ణి చూసి అక్కడి వేళ కట్టేవాడు. రెంటికీ ఉన్న తేడానుబట్టి తాను గ్రీనిచ్‌కు ఎన్ని డిగ్రీల తూర్పున ఉన్నాడో తెలుసుకునేవాడు. నెలల తరబడి ప్రయాణంలో ఆ గడియారం ఒక్క నిమిషం తప్పిందనుకుందాం. మన తీరం దగ్గర అది దాదాపు 26 కిలోమీటర్ల తప్పు. విశాఖ నుంచి భీమిలి ఎంత దూరమో దాదాపు అంత! చీకట్లో రాళ్ల గట్టుకు, లోతు నీటికి మధ్య తేడా అంతకంటే చాలా తక్కువ.

అందుకే ఓడ రేవు చేరగానే కెప్టెన్ మొదట కోరుకునేది సరైన సమయం. దాన్ని ఎవరో ఒకరు తయారుచేసి ఇవ్వాలి. వేధశాలలో ఉత్తర దక్షిణ రేఖ వెంట మాత్రమే కదిలేలా బిగించిన దుర్భిణి ఉంటుంది. స్థానం ముందే తెలిసిన ఒక నక్షత్రం దుర్భిణిలోని సన్నని తీగను దాటే క్షణాన్ని గడియారంతో సరిచూస్తారు. గడియారం ఎంత ముందుందో, ఎంత వెనుకుందో అలా తేలుతుంది. మబ్బు లేని రాత్రి దొరికినప్పుడల్లా ఈ పని చేస్తూనే ఉండాలి, ఎందుకంటే ఏ గడియారమూ తనంతట తాను సరిగ్గా ఉండదు.

అలా సరిచూసిన సమయాన్ని విశాఖ వేధశాల తన గోడల మధ్య దాచుకోలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండాకొయ్య నుంచి ఓడలకు, ఫిరంగి మోతతో పట్నానికి నిర్ణీత వేళను తెలియజేసే ఏర్పాటు జరిగింది. లంగరు వేసిన ఓడలో కెప్టెన్ జెండాకొయ్యను చూసి క్రోనోమీటర్ సరిచేసుకునేవాడు. కచేరీ గుమస్తా, బజారులో దుకాణదారు మోత విని తమ గడియారాలు దిద్దుకునేవారు. గడియారం లేని కూలీ, పడవ లాగే జాలరి కూడా ఆ మోతనే వినేవారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ వేధశాలకు పెట్టిన సొమ్ము జమీందారీ కుటుంబాల సొమ్ము. జమీందారీ రాబడి రైతులు, పాలేర్లు భూమిలో చేసిన కష్టం నుంచి వచ్చింది. మన తాతముత్తాతలు ఆ ఆవరణలో దుర్భిణి పక్కన నిలబడి ఉండరు. ఈ నిజం తెలిసే మేము ఆయనను గౌరవిస్తున్నాం. అంతే సంపద ఉన్నవారు ఎందరో దానిని ఏనుగుల మీదా, బాణసంచా మీదా, కోర్టు వ్యాజ్యాల మీదా తగలేశారు. ఈయన దానితో పట్నమంతటికీ పనికివచ్చే ఒక వస్తువును తయారుచేశారు. ఫిరంగి మోతకు టికెట్టు లేదు, కులం లేదు.

గ్రహణాలు, శుక్రగ్రహం

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చారు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నం వచ్చారు. తరువాత హీలియం అని పేరు పెట్టుకున్న మూలకం జాడ సూర్యుని వెలుగులో కనబడింది ఆ గ్రహణ పరిశీలనల వల్లనే. దొరలు ఓడలెక్కి వచ్చి చూసిన ఆ గ్రహణాన్ని నరసింగరావు గారు విశాఖలో తమ వేధశాల నుంచి పరిశీలించారు. 1871, 1872 సంవత్సరాల గ్రహణాలను కూడా వదలలేదు. 1871లో లండన్‌లోని రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. మరుసటి ఏడాది రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ కూడా అదే గౌరవం ఇచ్చింది.

1874 డిసెంబరు 9న అంతకంటే అరుదైన సంఘటన జరిగింది. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా నడిచి వెళ్లింది. అంతకుముందు అలా జరిగింది 1769లో. అంటే అప్పటికి బతికి ఉన్నవారు ఎవరూ దాన్ని చూసి ఉండరు. ప్రపంచం నలుమూలలకూ శాస్త్రవేత్తలు బయలుదేరారు. చుక్క సూర్యుని అంచు లోపలికి వచ్చిన క్షణాన్నీ, వెలుపలికి పోయిన క్షణాన్నీ వేర్వేరు దేశాల నుంచి నమోదు చేసి పోల్చితే భూమి నుంచి సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్కకట్టవచ్చు. విశాఖలో ఆ ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నరసింగరావు గారు దుర్భిణి వద్దనే ఉండి దాన్ని పరిశీలించారు.

మన డేటాబేస్ పాఠం సరిగ్గా ఇక్కడే ఉంది. విశాఖలో ఒకరు, ఈజిప్టులో ఒకరు, హవాయి దీవుల్లో ఒకరు తమ తమ ఊరి సమయం రాసుకొని ఊరుకుంటే ఆ పట్టికలను పక్కపక్కన పెట్టి ఏం పోల్చగలం? విశాఖ స్థానిక సమయం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 33 నిమిషాలు ముందుంటుంది. ఆ తేడా తెలిసి, దాన్ని తీసివేసి, అందరి లెక్కనూ ఒకే సమయంలోకి మార్చినప్పుడే అవి ఒకదానితో ఒకటి మాట్లాడతాయి. ఎక్కడి సమయమో చెప్పని సమయం, ఊరి పేరు రాయని ఉత్తరం లాంటిది.

ఒక్కో ఊరికి ఒక్కో వేళ

ఆ కాలంలో మద్రాసు సమయం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు, బొంబాయి సమయం 4 గంటల 51 నిమిషాలు ముందు, కలకత్తా సమయం 5 గంటల 53 నిమిషాలు ముందు. రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి. అంటే విశాఖ సూర్యుడికీ మద్రాసు రైలు గడియారానికీ సుమారు పన్నెండు నిమిషాల తేడా! ప్రపంచమంతటా ఇదే గందరగోళం. చివరకు 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై, గ్రీనిచ్ మీదుగా పోయే రేఖను ప్రపంచానికి సున్నా రేఖగా పెట్టుకోవాలని తీర్మానించారు. మరుసటి సంవత్సరమే విజయనగరంలో గంటస్తంభం లేచింది. మన ఊళ్లకు కూడా గడియారపు ముల్లు వచ్చిన రోజులవి.

మన దేశమంతటికీ ఒకే సమయం 1906 జనవరి 1న వచ్చింది. 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఆధారంగా గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు అని నిర్ణయించారు. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడకు సమీపంగా పోతుంది. మనం దానికి తూర్పున ఉన్నాం. అందుకే మన సూర్యుడు గడియారం కంటే తొందరపడతాడు. విజయనగరంలో సుమారు మూడున్నర నిమిషాలు, శ్రీకాకుళంలో అయిదున్నర నిమిషాలు, ఇచ్ఛాపురంలో దాదాపు తొమ్మిది నిమిషాలు. తరువాత అణు గడియారాలు వచ్చాయి. 1972 నుంచి ఇప్పుడున్న పద్ధతిలో నడుస్తున్న సమన్వయ విశ్వ సమయాన్నే యూటీసీ అంటున్నాం. మన దేశంలో అణు గడియారాలతో ప్రామాణిక సమయాన్ని కాపాడేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల.

మన గడువులు, మన హాజరు

ఇదంతా మనకెందుకు అని తమ్ముళ్లు అడగవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, కౌన్సెలింగ్, పరీక్ష ఫీజు, ఉద్యోగ ప్రకటన, అన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే. వాటన్నిటికీ చివరి తేదీ ఉంటుంది. జూన్ 30 అర్ధరాత్రి గడువు అనుకుందాం. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లవాడు నెట్ సెంటరులో వంతుకోసం నిలబడి రాత్రి 9.45కు దరఖాస్తు పంపాడు. ఆ సర్వర్ మనకంటే రెండున్నర గంటలు ముందుండే సింగపూర్ సమయంలో నడుస్తుంటే, దాని లెక్కలో అప్పటికి జూలై 1 వచ్చి పదిహేను నిమిషాలైంది. ప్రోగ్రాము రాసినవాడు ఆ తేదీని అలాగే పోల్చితే గడువులోపల వచ్చిన దరఖాస్తు గడువు దాటినట్టు పడిపోతుంది. ఒక చదువు సంవత్సరం పోవచ్చు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గెట్‌డేట్ అని అడిగితే ఆ యంత్రం పెట్టుకున్న స్థానిక సమయం వస్తుంది. గెట్‌యూటీసీడేట్ అని అడిగితే విశ్వ సమయం వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో నౌ అనేది స్థానికం, యూటీసీ టైమ్‌స్టాంప్ అనేది విశ్వ సమయం. పేర్లు వేరైనా నియమం ఒక్కటే: దాచేటప్పుడు విశ్వ సమయంలో దాచు, చూపించేటప్పుడు అయిదున్నర గంటలు కలిపి మన సమయంలో చూపించు. గడువును కూడా అదే కొలతలోకి మార్చి పోల్చు. జూన్ 30 అర్ధరాత్రి అంటే విశ్వ సమయంలో ఆ రోజు సాయంత్రం 6.30.

రెండో సగం మరచిపోయినా చిక్కే. హాస్టల్లో తెల్లవారుజామున 5.15కు స్టడీ అవర్‌కు వేలిముద్ర వేశాం అనుకోండి. విశ్వ సమయంలో అది ముందురోజు రాత్రి 11.45. మార్చకుండా తేదీలవారీగా హాజరు తీస్తే ఈరోజు వచ్చినవాడు నిన్న వచ్చినట్టు, ఈరోజు రానట్టు తేలుతుంది. నోటు పుస్తకంలో ఒక్క వరుసే కావచ్చు, దాని అవతల ఒక పిల్లవాడి మెస్ బిల్లు ఉంటుంది.

ఇంకొక సంగతి. కంప్యూటరు తన గడియారం ఎంత చూపిస్తే అంతే చెబుతుంది. ఆ గడియారమే తప్పయితే ప్రశ్న ఎంత సరిగ్గా రాసినా జవాబు తప్పే. అందుకే సర్వర్లను నెట్‌వర్కు ద్వారా ప్రామాణిక గడియారాలతో ఎప్పటికప్పుడు సరిచేస్తుంటారు. నరసింగరావు గారు రాత్రిపూట నక్షత్రంతో చేసినది అదే పని.

ఆయన తరువాత

నరసింగరావు గారు 1892లో స్వర్గస్థులయ్యారు. ఆయన భార్య అచ్చయ్యమ్మ గారు వేధశాలను మూసివేయకుండా కాపాడారు. ఆడవారు గడప దాటడమే గగనమైన కాలంలో ఆమె ఆ పరికరాల బాధ్యత మోశారు. తరువాత అది ప్రభుత్వం చేతికి వెళ్లింది. భర్త జ్ఞాపకార్థం ఆ కుటుంబం విశాఖలోని హిందూ కాలేజీకి భారీ విరాళం ఇచ్చింది. కృతజ్ఞతగా ఆ కళాశాలకు మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ అని పేరు పెట్టారు. ఒక కాలేజీ పేరులో మిసెస్ అన్న మాట ఎందుకుందా అని చాలామంది నవ్వుకుంటారు. ఆ మాట అచ్చయ్యమ్మ గారిది. నవ్వే ముందు ఆమెను తలచుకోవాలి. అదే 1892లో ఆ కళాశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి చంద్రశేఖర అయ్యర్ గారు వచ్చారు. ఆయన వెంట వచ్చిన నాలుగేళ్ల కొడుకు విశాఖలోనే పెరిగి చదువుకుని, 1930లో నోబెల్ బహుమతి పొందిన సి.వి. రామన్ అయ్యాడు.

నేడు డాబాగార్డెన్స్‌లో దుకాణాలు, లాడ్జీలు, ఆటోల రద్దీ కనిపిస్తాయి. నక్షత్రాలను చూసిన ఆ వేధశాల పనిచేయడం లేదు. మన జిల్లాల నుంచి చదువుకు, ఉద్యోగ పరీక్షలకు వెళ్లేవారు ఆ వీధుల్లో నడుస్తూనే ఉంటారు. అక్కడ ఒక మనిషి ముప్ఫై ఆరేళ్లు ఊరి కోసం గడియారం సరిచూశాడని తెలిసి నడిస్తే బాగుంటుంది.

ఆ రోజుల్లో మనవాళ్లు మోత వినేవారు మాత్రమే. ఇవాళ మన హాస్టల్ పిల్లలు ఆ ప్రశ్న రాసే కుర్చీలో కూర్చుంటున్నారు. రేపు మనలో ఒకరు ఏదో ఒక దరఖాస్తు ప్రోగ్రాము రాస్తారు. అవతల నెట్ సెంటరులో వంతుకోసం నిలబడిన ఒక తమ్ముడో చెల్లెలో ఉంటారు. వారి సమయం ఒక్క నిమిషం కూడా పోకుండా రాయడమే నరసింగరావు గారికి మనం చేయగల నమస్కారం.